చెక్కాక గీసిన గీత

ఒక పెద్ద అడవిలో భుజాలు మార్చే ఆస్పత్రి ఉండేది. అరిగిన భుజం ఎముకను గుంటగా చెక్కి, అందులో నున్నటి వెలగడొప్ప బిగిస్తే ముసలి కోతులు కూడా మళ్లీ కొమ్మలు పట్టుకునేవి. పెద్ద డాక్టరు ఎలుగుబంటి. అది మెడలో స్టెతస్కోపు లేకుండా స్నానానికి కూడా వెళ్లేది కాదు.

అక్కడ పనిచేసే వడ్రంగి పిట్టది ఒకటే చాదస్తం. ముందు ఆకు మీద బొమ్మ గీయాలి. ముళ్లపంది ముల్లు గుచ్చి దారి పెట్టుకుని, ఆ దారినే చెక్కాలి. చివర్లో గుంటను బొమ్మతో సరిచూసి, వచ్చిన తేడా గోడ మీద రాయాలి.

ఎలుగుబంటి పేరు పక్కన ఎప్పుడూ పెద్ద తేడాలే. అది ముల్లు ముట్టేది కాదు. అంతా గోటి అంచనా.

"డాక్టరుగారూ, నువ్వుగింజంత పక్కకి పోయినా చెయ్యి లేవదండీ" అంది పిట్ట.

"నా గోళ్లకున్నంత వయసు లేదు నీకు, నాకే నేర్పడానికొచ్చావా?"

ఆ ఏడు అడవిసభ 'తేడాలేని ఆస్పత్రి' అనే బిరుదు ప్రకటించింది. ఎలుగుబంటికి కంటిమీద కునుకు కరువైంది. గుమాస్తా గుంటనక్క చెవిలో ఊదింది.

"తేడా ఎందుకొస్తోంది సార్? బొమ్మ ముందు గీయబట్టి. చెక్కాక గీస్తే సరి!"

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ముందు చెక్కుడు, తర్వాత బొమ్మ, ఎవరికీ మినహాయింపు లేదు. పిట్టను ఆకులు కోసే పనిలో పడేశారు.

గోడంతా సున్నాలే. అక్కడే భుజం మార్పించుకున్న కొండముచ్చు అవ్వ మాత్రం చెయ్యి నడుం దాటి లేవక, రాలిన కాయలు ఏరుకు తింటోంది.

"కొమ్మ అందట్లేదు నాయనా" అని వచ్చి ఏడిస్తే, నక్క బొమ్మ చూపించింది.

"చూడవ్వా, వెంట్రుకవాసి తేడా లేదు. నీకు కొమ్మే ఎత్తుగా ఉంది."

బిరుదొచ్చింది. ఆ సంబరంలో ఎలుగుబంటి తేనెపట్టు కోసం చెట్టెక్కి, జారిపడింది. కుడి భుజం నుజ్జయింది. ఆ చెయ్యి లేవకపోతే ఇక చెట్టూ లేదు, తేనే లేదు.

బల్ల మీద పడుకోబెట్టగానే గావుకేక పెట్టింది. "పిట్టను పిలవండ్రా! ముందు బొమ్మ గీయండి, ముల్లు పెట్టండి!"

శిష్యుడు అడవిపంది కోర నూరుకుంటూ వినయంగా అంది. "మినహాయింపు లేదన్నారు గదండీ. సంతకం తమరిదే. మీ దగ్గర నేర్చిన పనే, భయపడకండి."

కేక విని పిట్ట ఎగిరొచ్చింది. గుమ్మంలో నక్క అడ్డుపడింది. "నీ పని ఆకులు కోయడం. కోసుకో, పో."

పంది చెక్కి కట్టిన కట్టు విప్పేసరికి చెయ్యి పక్కకి చాచినట్టే బిగుసుకుపోయింది. పైకి లేవదు, నోటికి రాదు. బిరుదు పలక తగిలించడానికి వేరే మేకు అక్కర్లేకపోయింది.

"నా చెయ్యి, నా తేనె!" అని ఎలుగుబంటి భోరుమంది. నక్క భక్తిగా బొమ్మ విప్పింది. అందులోనూ చెయ్యి అచ్చం అలాగే చాచి ఉంది.

"సున్నా తేడా సార్! తమరి భుజంతో వంద సున్నాలు పూర్తయ్యాయి."

నీతి: తప్పు చేయని వైద్యుడు లేడంటారు గానీ, ఉంటాడు, చెక్కాక గీత గీస్తే చాలు.