తేనెకొండ దగ్గరైన వైనం

ఒక పెద్ద అడవిలో, అదీ మామూలు పెద్దది కాదు, తూర్పున వాన పడుతుంటే పడమట గొడుగులు ఎండబెట్టుకునేంత పెద్ద అడవిలో, భల్లయ్య అనే ఎలుగుబంటి విమానాల మంత్రిగా ఉండేవాడు.

విమానమంటే సంచులమ్మ అనే గూడబాతు. ప్రయాణికులు ఆవిడ ముక్కు కింది సంచిలో కూర్చునేవారు. తూర్పు కొసనున్న ఇప్పలపాడులో పొద్దున్నే ఎక్కితే, పడమటి తేనెకొండలో దిగేసరికి పొద్దు గుంకేది.

ఒకనాడు సింహంరాజు భల్లయ్యని పిలిపించాడు.

"పక్క అడవి పులి విందులో నన్ను చూసి నవ్వాడయ్యా. మన విమానం ఎక్కినవాడు దిగేసరికి మనవలు పుట్టేస్తారట! పండగలోగా ప్రయాణం సగానికి తగ్గాలి. లేకపోతే నీ పదవి తాబేలుకిచ్చేస్తాను."

తాబేలుకా! భల్లయ్య పరుగున సంచులమ్మ దగ్గరికెళ్లాడు.

"అమ్మా, కాస్త గబగబా ఎగరరాదూ?"

"ఎగురుతాను బాబూ. సంచిలో రెండు అడవిపందులున్నాయి, ముందు మీరొచ్చి వాటిని దింపండి," అంది ఆవిడ, నోరు సగమే తెరిచి.

ఇక లాభం లేదని భల్లయ్య బుర్ర గోక్కున్నాడు. గోక్కోగా గోక్కోగా ఉపాయం తట్టింది. తేనెకొండ ఊరిబోర్డు పీకించి, దారి మధ్యలో ఉన్న కప్పలమడుగులో పాతించాడు. అంతే! భోజనాల వేళకల్లా విమానం తేనెకొండ చేరిపోయింది.

అడవంతా చప్పట్లు. భల్లయ్య మెడలో ఎన్ని దండలు పడ్డాయంటే, ముక్కు ఒక్కటే బయటికి కనబడింది.

మొదటి విమానంలో దిగినవాడు ఒక కుందేలు పెళ్లికొడుకు. పాపం బురదలో నిలబడి, "ఇదేం తేనెకొండండీ? కొండేదీ? పెళ్లికూతురేదీ?" అన్నాడు.

"బోర్డు చూసుకోవయ్యా. కొండ పనులు జరుగుతున్నాయి," అన్నాడు భల్లయ్య.

"మరి పెళ్లికూతురు?"

"ఆ సంగతి మా శాఖలోకి రాదు."

కుందేలు పెళ్లిబట్టలు భుజానేసుకుని పడమటికి నడక మొదలెట్టాడు.

సింహంరాజు మాత్రం సంబరపడిపోయాడు. నిండు సభలో లేచి, "భల్లయ్యా, నిన్ను తేనెకొండకి గవర్నరుని చేస్తున్నాను. పుట్టతేనె, పనసతొనలు, చల్లగాలి! రేపే కుటుంబంతో విమానమెక్కు," అన్నాడు.

భల్లయ్య గబుక్కున చేతులు జోడించాడు. "ప్రభూ, నేను... నడిచి వెళ్తానండి."

"నీ విమానం ఉండగా నడకేమిటయ్యా! జనం ఏమనుకుంటారు?"

నిజం చెబితే పదవి పోతుంది. చెప్పకపోతే బురద. కాసేపు గింజుకుని, బురదే మేలనుకున్నాడు.

మర్నాడు పెళ్లాం పిల్లలతో మడుగులో దిగాడు. "నాన్నా, తేనేదీ?" అని పిల్లలు గోల. ఇంతలో కప్పల పెద్ద ఎదురొచ్చి దణ్ణం పెట్టింది.

"గవర్నరుగారూ, బోర్డు పడిన దగ్గర్నుంచీ మావాళ్లు ఎండలో కూర్చుని ఎదురుచూస్తున్నారండి. కొండ ఎప్పుడొస్తుంది?"

భల్లయ్య భార్య వైపు చూశాడు. ఆవిడ ఎక్కణ్నుంచో ఒక తట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

భల్లయ్య ఇంకా మట్టి మోస్తూనే ఉన్నాడట. కొండ ఇప్పటికి కప్ప ఎక్కి దూకేంత ఎత్తు లేచిందట.

నీతి: ఎంత దూరపు ఊరినైనా దగ్గరికి తేవచ్చు; తెచ్చినవాడు మాత్రం ఆ ఊరికి విమానం ఎక్కకూడదు.