‘డి’ వద్దు, గేరే ముద్దు!

ఆటోమేటిక్ కారు కొన్నవాళ్లు గేర్లు వేయకూడదని ఎవరన్నారు? వేయాలి! ఒంట్లో ఊపిరి ఉన్నంతసేపూ వేస్తూనే ఉండాలి! తనంతట తాను గేర్లు మార్చుకునే కారును దాని మానాన వదిలేస్తే, స్టీరింగు ముందు కూర్చున్న మగవాడి గతేం కాను?

ఇంత పెద్ద ప్రశ్న దేశంలో ఎవరికీ తట్టలేదు. బాన్సువాడ వెంకట్రాములుకు తట్టింది.

వెంకట్రాములుది పాతకాలపు వ్యవసాయ కుటుంబం. ఇల్లు బాన్సువాడలో, వరి పొలం, చెరకు తోట పక్క ఊళ్లో. మీసం మొలవకముందే ట్రాక్టరెక్కాడు. తర్వాత జీపు, ఆ తర్వాత కారు. జీవితమంతా క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. డాక్టరు ఇక క్లచ్చు తొక్కొద్దన్నాడు. కొడుకు భానుప్రసాద్ పాత కారు అమ్మేసి ఆటోమేటిక్ తెచ్చి వాకిట్లో పెట్టాడు.

“బాపూ, ‘డి’ల ఏస్తే అయిపాయె. గేర్లు అదే మార్చుకుంటది. నువ్వు స్టీరింగ్ పట్టుకొని కూసో, గంతే.”

“అన్నీ అదే చేసుకుంటే ఇగ నేనెందుకురా? పెండ్లిపిల్లగాని లెక్క కూసోవాల్నా?”

అయితే ఆ కారులో ‘డి’ పక్కనే ‘ఎం’ అని ఒకటుంది. గేరు కర్రను అందులోకి జరిపితే గేర్లు మనమే మార్చుకోవచ్చు. ముందుకు నెడితే పై గేరు, వెనక్కి లాగితే కింది గేరు. ఎప్పుడైనా అవసరపడుతుందని కంపెనీవాళ్లు పెట్టారు. వెంకట్రాములు దాన్ని మొదటిరోజే కనిపెట్టాడు. ఆ తర్వాత ఆ కర్రను వదిలింది లేదు!

పాలప్యాకెట్టు తేవడానికి సందు దాటేలోపే ఫస్టు, సెకండు, థర్డు, మళ్లీ సెకండు. కారు వద్దు వద్దంటూ కుయ్యిమనేది. “సూసినవా, గేరేస్తే ఎట్ల పలుకుతుందో!” అని మురిసిపోయేవాడు.

దీనివల్ల ఊరికి నష్టమా? ఎంతమాట! లాభాలే లాభాలు!

ఈ కాలంలో జనానికి వినయం లేదని పెద్దలు వాపోతుంటారు. వాళ్లంతా వెంకట్రాములు కారెక్కాలి. గేరు మార్చిన ప్రతిసారీ ఆయన ఎడమకాలు అలవాటు కొద్దీ క్లచ్చు కోసం వెతికేది. క్లచ్చు లేదు కాబట్టి బ్రేకు దొరికేది. కారు టక్కున ఆగేది. వెనక సీట్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా ముందుకు వంగి దండం పెట్టేవారు! ఇంత భక్తిని ఏ గుళ్లో చూస్తాం?

ఆయన వెనక వచ్చే ఆటోవాళ్లను అడగండి. నిద్రమత్తన్నది ఎరుగరు. ఆయన ముందు పోతుంటే చౌరస్తా దాకా అందరి చేతులూ హారన్ మీదే, అందరి చూపూ రోడ్డు మీదే. రోడ్డు భద్రతా వారోత్సవాలు ఎందుకండీ, దండగ!

ఈ లాభాలు అర్థం కానిది ఒక్క ఆయన భార్య భూమవ్వకే.

భూమవ్వకు కారు నడపాలని పెళ్లయిన కొత్తలోనే ఉండేది. జీపున్న రోజుల్లో ఒకసారి అడిగింది కూడా. వెంకట్రాములు నవ్వాడు. “గేర్లంటే పచ్చిపులుసు చేసుడనుకున్నవా? క్లచ్చు ఇడ్సుడు, రేసు ఇచ్చుడు రెండూ ఒక్కపారే కావాలె. నీతోని కాదు తియ్యి.” ఆమె మళ్లీ అడగలేదు. ఎక్కడికి పోవాలన్నా ఆయనకు తీరిక దొరికేదాకా చెప్పులేసుకుని గడపలో నిలబడేది. రుద్రూర్‌లో చెల్లెలి కూతురి పెళ్లికి అలాగే నిలబడి నిలబడి, అక్షింతలు పడ్డాక చేరింది. ఆ రోజు చెల్లెలు ఏమీ అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ భూమవ్వ గుండెలో ముల్లు.

ఈ శ్రావణంలో ఆ పిల్లకే బిడ్డ పుట్టింది. తొట్టెల ఫంక్షన్. “పెద్దమ్మ వచ్చినంకనే బిడ్డను తొట్టెల ఏస్తం” అని కబురు చేశారు. భూమవ్వ తెల్లారకముందే తయారై కూర్చుంది. కోడలు పల్లవితో కలిసి వెనక సీటెక్కింది. పొలం దగ్గర పనుందని భానుప్రసాద్ ఆగిపోయాడు. వెంకట్రాములు స్టీరింగు ముందు కూర్చుని, ‘డి’ వైపు కన్నెత్తైనా చూడకుండా, కర్రను ‘ఎం’లోకి నెట్టాడు.

బాన్సువాడ దాటేలోపే అత్తాకోడళ్లు ముందు సీట్లకు చాలాసార్లు దండాలు పెట్టారు.

ఊరు దాటాక దారి పొడవునా గుంతలు. గుంతకో గేరు! ప్రతి గేరుకూ ఎడమకాలు లేచి, లేని క్లచ్చును వెతికి, బ్రేకునో కారు అడుగునో బలంగా తన్నేది. తన్నగా తన్నగా ఆ కాలికి కూడా ఓపిక నశించింది. పిక్క పట్టేసింది!

“అమ్మో! నా కాలు!” అంటూ వెంకట్రాములు కారును రోడ్డు వారకు లాగి ఆపాడు. దిగి కుంటుకుంటూ రెండడుగులు వేశాడు. పల్లవి పరుగున వచ్చి పిక్క రుద్దింది. కాలు కొయ్యబారింది తప్ప కదల్లేదు.

“జరసేపు ఆగుదాం. అదే తగ్గుతది” అన్నాడు.

“ఎంతసేపు?” అంది భూమవ్వ.

“తగ్గేదాంక.”

భూమవ్వ గడియారం వంక చూడలేదు. రుద్రూర్ దిక్కు చూసింది. కొంగు బొడ్లో దోపుకుని, చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుంది.

వెంకట్రాములుకు పిక్క నొప్పి కాసేపు మాయమైంది. “ఏందే? ఏం జేస్తున్నవ్?”

“ఎక్కు.”

“నీకు రాదే! గేర్లు...”

“ఎక్కుతవా, పొమ్మంటవా?”

ఎక్కాడు. పల్లవి వెనక కూర్చుని కిటికీలోంచి బయటికి చూడసాగింది. నవ్వు ఆపుకోవడానికి అంతకంటే దారి లేదు మరి. భూమవ్వ అద్దం సరిచేసుకుంది. బెల్టు పెట్టుకుంది. బ్రేకు మీద కాలుంచి కర్రను ‘డి’లోకి జరిపింది. కారు నూనె రాసిన అప్పడాల కర్రలా మెత్తగా కదిలింది.

“సెకండెయ్యి! అరే, సెకండెయ్యమంటుంటే!”

“అదే ఏసుకుంటది. నువ్వు కాలు సాపుకో.”

కారు గుంతలు దాటింది. ఎదురొచ్చిన బస్సుకు దారిచ్చింది. ఎవరూ ఎవరికీ దండం పెట్టలేదు.

“ఎప్పుడు నేర్సినవే?” అన్నాడు వెంకట్రాములు.

“నువ్వు పొద్దుగాల బండి మీద పొలానికి పోతవ్ గదా. నువ్వు పోంగనే పల్లవి మార్కెట్ యార్డుల నేర్పింది. లైసెన్స్ గూడ వచ్చింది.”

“లైసెన్సా! గదెప్పుడు?”

“పొలంకాడ మోటరు కాలిందని నువ్వు ఆడనే పండుకున్నవ్ సూడు, గప్పుడు పోయి తెచ్చుకున్న.”

యార్డులో హమాలీలు చూశారు. టీ కొట్టువాడు చూశాడు. బాన్సువాడలో సగం మందికి తెలుసు. తెలియంది ఒక్క వెంకట్రాములుకే! ఊళ్లో గేర్ల గురించి ఉపన్యాసం ఇచ్చినప్పుడల్లా జనం ఎందుకు అంత శ్రద్ధగా తల ఊపేవారో ఆయనకిప్పుడు అర్థమైంది.

“గింత అల్కగుంటదని నాకేం ఎర్క?” అని గొణిగాడు. పిక్క రుద్దుకుంటూ, “అయితే... జీపప్పుడు గూడ నీకు వచ్చేదేనంటవా?” అన్నాడు.

“నేర్పుతే వచ్చేది.”

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. వెంకట్రాములు కిటికీ వైపు తిరిగి నాట్లేసిన పొలాలను శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

రుద్రూర్‌లో కారు ఆగగానే చెల్లెలు ఎదురొచ్చింది. డ్రైవరు సీట్లోంచి దిగుతున్న అక్కను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భూమవ్వ చేతుల మీదుగానే బిడ్డ తొట్టెలలో పడింది. అందరికంటే ముందు పాట ఎత్తుకున్నదీ ఆమే. షామియానా కింద వెంకట్రాములు కుంటుతూ కనబడ్డవారికల్లా, “నేనే నేర్పిన. మస్తు కష్టపడ్డ” అని చెప్పుకున్నాడు. పల్లవి విని కూడా వినబడనట్టు ఇంకో లడ్డూ తీసుకుంది.

చదువరులారా, ఇప్పుడు చెప్పండి! ఆటోమేటిక్ కారంత ప్రమాదకరమైంది ఇంకోటి ఉందా? పాత కార్లలో క్లచ్చు ఒక గోడ. దానవతల మగవాళ్లు ఎంత హాయిగా ఉండేవారు! ‘నీతోని కాదు’ అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఎన్ని ప్రయాణాలు తప్పించుకున్నారు! కంపెనీలు ఆ గోడ కూల్చేశాయి. కూల్చేముందు కనీసం ఒక్క భర్తనైనా సంప్రదించారా? అందుకే కనబడిన ప్రతి గేరూ వేయమనేది. వేస్తూ ఉంటే కష్టమైన పనిలా కనబడుతుంది. కష్టమైన పనని నమ్మినంతకాలం పక్కసీటు మనిషి పక్కసీట్లోనే ఉంటుంది!

సాయంత్రం తిరుగు ప్రయాణంలో కూడా భూమవ్వే ఎక్కింది. వెంకట్రాములు కాలు అప్పటికే బాగైంది గాని, బాగైందని ఆయన చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. బాన్సువాడ వచ్చింది. ఇంటికి తిరగాల్సిన మలుపూ వచ్చింది. కారు తిరగలేదు!

“అరే, ఇల్లు ఇటు గదనే!”

“నిజాంసాగర్ డ్యాం గేట్లెత్తిండ్రంట. సూసొద్దాం.”

“గిప్పుడా? నాకు మస్తు పనులున్నయ్!”

భూమవ్వ కారును వారకు తీసి నిదానంగా ఆపింది. భర్త వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అంది. “అయితే ఈడ దిగు. ఆటోలు దొరుకుతయ్.”

వెంకట్రాములు బయటికి చూశాడు. ఆటో ఒకటి నిజంగానే వస్తోంది. వెనక్కి తిరిగి కోడలి వంక చూశాడు. పల్లవి ఫోనులో నీళ్ల వీడియో వెతుక్కుంటోంది.

ఆటో వాళ్లను దాటుకుని వెళ్లిపోయింది. ఆయన సీటు కొద్దిగా వెనక్కి వాల్చుకున్నాడు.

“ఏసీ జర పెంచు” అన్నాడు.