నూటపన్నెండు మార్కుల అయ్యగారు

సముద్రానికీ నేలకీ మధ్య, ఎవరిదో ఇంకా తేలని చోట, ఒక పెద్ద మడ అడవి ఉంది. ఆ అడవిలో గిద్యోను అనే కుర్ర నీటిపిల్లి ఉండేవాడు. ఈ కథ మొదలయ్యేనాటికి వాడి దగ్గర రెండు పెళ్ళి ప్రకటనలు ఉన్నాయి. పెళ్ళి కావాలంటే మూడు ఉండాలి.

ఆ అడవిలో ఎప్పుడో ఓడలమీద వచ్చిన దొరలు కట్టి వదిలేసిన రాతి గుడి ఒకటి ఉంది. గంట తుప్పు పట్టింది గానీ నియమాలు తుప్పు పట్టలేదు. పెళ్ళి చేసుకోబోయే ఇద్దరి పేర్లూ అయ్యగారు మూడు ఆరాధనల్లో చదవాలి. "ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి" అని అడగాలి. గిద్యోను, తబితల పేర్లు రెండు ఆదివారాలు చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒక పీత గొంతు సవరించుకున్నాడు గానీ, అది దగ్గేనని తరువాత తేలింది.

మూడో ఆదివారానికి ముందురోజు అయ్యగారు రిటైరయ్యారు. ఆయన తాబేలు. నలభై ఒక్క ఏళ్ళు పనిచేశారు. వీడ్కోలు సభలో నాలుగున్నర గంటలు ఆయన్ని పొగిడారు. అయిదో వక్త లేచేసరికి ఒక అల వచ్చింది. అయ్యగారు దానిమీద ఎక్కేశారు. అంత చురుగ్గా ఆయన కదలడం సంఘం ఎప్పుడూ చూడలేదు.

గిద్యోను ఆ సాయంత్రమే తబిత తండ్రి యాకోబు గారి దగ్గరికి పరుగెత్తాడు. యాకోబు గారు సంఘ పెద్ద. నియమాల పుస్తకం ఆయన చంకలోనే ఉంటుంది. స్నానానికి దిగినా తీయరు.

"మావయ్యా, మూడో ప్రకటన మీరే చదివేయండి."

"అయ్యగారు తప్ప ఇంకెవరూ చదవకూడదు. అయిదో పేజీ. ఇంకా ఒక ప్రకటన బాకీ ఉంది కాబట్టి నేను మావయ్యని కాను, యాకోబు గారిని."

"కొత్త అయ్యగారు వచ్చేదాకా ఆగుతారా?"

"పన్నెండు ఆదివారాలు ఆగుతాను. ఆ తరువాత కాలవ అవతల రొయ్యల మడుగువాళ్ళ సంబంధం ఖాయం చేస్తాను. కుర్రాడు మరీ తెలివైనవాడు కాదు గానీ, వాళ్ళ గుడిలో అయ్యగారున్నారు."

పన్నెండు ఆదివారాలంటే ఎనభై నాలుగు రోజులు. గిద్యోను లెక్కల్లో దిట్ట. ఎనభై నాలుగు రోజుల్లో ఒక అయ్యగారిని తేవడం పెద్ద పనా అనుకున్నాడు. లెక్కలు వచ్చినవాడే గానీ, కమిటీలు తెలిసినవాడు కాదు.

ఎంపిక కమిటీకి తనే కార్యదర్శిగా చేరిపోయాడు. అధ్యక్షుడు గూడబాతు జెకర్యా గారు. పండుగ పలహారాలన్నీ ఆయన ముక్కుకింద సంచిలోనే భద్రపరిచేవారు. కొన్ని భద్రంగానే ఉండేవి. పాటల బృందం పెద్ద కొంగ ఎస్తేరమ్మ గారు ఇంకో సభ్యురాలు. భక్తికొద్దీ ఎప్పుడూ ఒంటికాలిమీదే నిలబడేది. మూడో సభ్యుడు యాకోబు గారు.

"ముందు తాత్కాలికంగా ఎవరినైనా పిలుద్దామండి" అన్నాడు గిద్యోను.

"వద్దు బాబూ. తాత్కాలికం వాళ్ళు అలవాటైపోతారు" అన్నారు జెకర్యా గారు. "పోయినసారి అలా వచ్చినాయనే నలభై ఒక్క ఏళ్ళున్నాడు."

"మనకి ఎలాంటి అయ్యగారు కావాలో ముందు రాసుకోవాలి. బిషప్ గారికి పంపాలి కూడా. ఇరవైరెండో పేజీ" అన్నారు యాకోబు గారు.

అక్కడే గిద్యోనుకి ఒక ఉపాయం తట్టింది. "సంఘంలో అందరినీ అడుగుదాం. ఎవరికి ఏం కావాలో చెప్తారు. ఒక్కో కోరికకి ఒక్కో మార్కు. వచ్చిన అభ్యర్థికి మార్కులు వేద్దాం. ఎక్కువ వచ్చినవాడే అయ్యగారు. గొడవ ఉండదు, సాయంత్రానికి తేలిపోతుంది."

ఆ మాట చెప్పినందుకు వాడు తరువాత తొమ్మిదిసార్లు తన చెవి తనే మెలేసుకున్నాడు.

సంఘం మొత్తం ఇసుకమీద కూర్చుంది.

"కుర్ర అయ్యగారు కావాలి" అన్నాయి చేపలు.

"ముప్పై ఏళ్ళ అనుభవం ఉండాలి" అన్నాయి పీతలు.

"రెండూ రాసుకో" అన్నారు జెకర్యా గారు.

"ప్రసంగం పొట్టిగా ఉండాలండి."

"పొట్టి ప్రసంగానికి ఇంతదూరం ఈదుకుంటూ రావాలా? పొడుగ్గా ఉండాలి."

"రెండూ రాసుకో."

"రోజూ అందరి ఇళ్ళకీ రావాలి" అంది ఒక ముసలి నత్త. "నేను పిలిచినప్పుడు మాత్రం బంగళాలోనే ఉండాలి."

"పాత పాటలే పాడించాలి" అంది ఎస్తేరమ్మ గారు. "అవి విని పిల్లలు గుడికి పరుగెత్తుకు రావాలి."

"కొత్తగా ఆలోచించాలి" అన్నారు యాకోబు గారు. "ఏదీ మార్చకూడదు."

గిద్యోను రాస్తూ పోయాడు. ఆటు పోటయింది, పోటు ఆటయింది. చివరికి లెక్క పెడితే నూటపన్నెండు కోరికలు తేలాయి. అందులో ముప్పై నాలుగు, మిగతావాటిలో ముప్పై నాలుగింటిని కొట్టేసేవి. ఆ సంగతి చెప్పబోయాడు గానీ, అప్పటికే అందరూ ఒకరినొకరు అభినందించుకుంటున్నారు.

ఈ జాబితా తయారవడానికే మూడు ఆదివారాలు పోయాయి.

మొదట వచ్చినాయన కోడిపుంజు. గొంతు అమోఘం. కానీ తెల్లవారకముందే ప్రసంగం మొదలుపెట్టి, మెలకువగా ఉన్నవాళ్ళెవరని అడిగారు. అరవై ఒక్క మార్కులు.

రెండో ఆయన బావురుపిల్లి. చాలా మర్యాదస్థుడు.

"సంఘస్థులను ప్రేమిస్తారా అండి?" అని అడిగింది ఎస్తేరమ్మ గారు.

"ప్రాణంగా" అన్నాడాయన, ముందువరసలో కూర్చున్న చేపలను చూస్తూ.

ఆ ముందువరస వారంపాటు ఖాళీగా ఉంది. డెబ్భై నాలుగు మార్కులు.

మూడో ఆయన నత్త. శాంతం, వినయం, ఓపిక, అన్నీ ఉన్నాయి. నాలుగో వారం ఇంటర్వ్యూకి బయల్దేరి ఏడో వారం చేరారు. ఎనభై ఎనిమిది మార్కులు వచ్చినా, ఇళ్ళ సందర్శన గురించి అడిగితే "వచ్చే ఏడాది ఒక ఇంటికి తప్పకుండా" అన్నారు.

"ఎనభై ఎనిమిది చాలదా అండి?" గిద్యోను బతిమాలాడు. ఏడు ఆదివారాలు అయిపోయాయి, అయిదే మిగిలాయి.

"నూట పన్నెండుకి ఎనభై ఎనిమిదా? మన సంఘం ఏం తక్కువ తిన్నదని?" అన్నారు జెకర్యా గారు, ఏదో నములుతూ.

ఆ సాయంత్రం తబిత బురదగట్టుమీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. "మా నాన్న రొయ్యల మడుగు చూడ్డానికి వెళ్ళొచ్చాడు."

"ఏమన్నాడు?"

"రొయ్యలు బావున్నాయన్నాడు. కుర్రాడి సంగతి ఏమీ అనలేదు. నువ్వు లెక్కలు కట్టడం ఆపి ఏదో ఒకటి చెయ్యి గిద్యోనూ. నాకు రొయ్యలు పడవు."

గిద్యోను చేశాడు. అడవంతా వెతికి, ఒక మడకొమ్మ మీద రెవరెండ్ సొలొమోను గారిని పట్టుకున్నాడు. ఆయన ఊసరవెల్లి. వేదశాస్త్రం చదువుకున్నారు. రెండేళ్ళలో మూడు సంఘాల్లో పనిచేశారు. మూడు సంఘాలవాళ్ళూ ఆయన తమవాడే అనుకున్నారు.

గిద్యోను అటూ ఇటూ చూసి, నూటపన్నెండు కోరికల జాబితా ఆయన చేతిలో పెట్టాడు. ప్రశ్నపత్రం ముందే ఇవ్వడం తప్పే. వాడి తోక సిగ్గుతో ముడుచుకుంది కూడా. మిగతా ఒళ్ళు తబిత పక్షాన నిలబడింది.

సొలొమోను గారు జాబితా చదవకుండానే తిరిగిచ్చారు. "ఇదంతా ఎందుకు నాయనా? ఎదురుగా ఎవరెవరు కూర్చుంటారో చెప్పు. చాలు."

ఇంటర్వ్యూ రోజున ఎస్తేరమ్మ గారి వైపు తిరిగితే ఆయన కొంగకంటే తెల్లగా ఉన్నారు. జెకర్యా గారి వైపు తిరిగితే బూడిదరంగులో నిండుగా కనిపించారు. యాకోబు గారు అడుగుతున్నప్పుడు నియమాల పుస్తకం అట్ట రంగుకి వచ్చారు. ముగ్గురూ ఒకేసారి అడిగినప్పుడు మాత్రం చారలు పడ్డాయి. దాన్ని అందరూ వినయం అనుకున్నారు.

"ప్రసంగం పొట్టిగానా, పొడుగ్గానా?"

"వినేటప్పుడు పొట్టిగా, తలుచుకునేటప్పుడు పొడుగ్గా ఉంటుందండి."

"వయసు?"

"హృదయంలో పాతిక, అనుభవంలో ముప్పై."

"పండుగ పలహారాల బాధ్యత ఎవరికిస్తారు?" జెకర్యా గారు కొంచెం ముందుకు వంగారు.

"ఇప్పుడు ఎక్కడున్నాయో అక్కడే క్షేమమని నా నమ్మకం."

"ఆయ్, దేవుడే పంపాడండి" అన్నారు జెకర్యా గారు.

గిద్యోను మార్కులు కూడాడు. నూటపన్నెండుకి నూటపన్నెండు. నమ్మలేక కిందనుంచి పైకి మళ్ళీ కూడాడు. అంతే వచ్చింది. ఇంకా మూడు ఆదివారాలున్నాయి. బిషప్ గారు ఒక్క సంతకం పెడితే చాలు. వాడు ఆ మార్కుల కాగితం తానే అందంగా తిరగరాసి, చివర రెండు గీతలు గీసి, లకుముకి పిట్టతో పంపించాడు. తరువాత ఇసుకమీద ఏడు పిల్లిమొగ్గలు వేశాడు.

రెండు ఆదివారాలు గడిచాక బిషప్ గారి జవాబు వచ్చింది. ఎర్రకొండ మీది పెద్దగుడిలో ఉండే ముసలి ఏనుగు ఆయన. కమిటీ ముందు యాకోబు గారు చదివారు:

"ఇటువంటి ఆణిముత్యాన్ని ఉప్పునీళ్ళలో నానబెట్టడం పాపం. పెద్దగుడికి చాలాకాలంగా గురువు లేరు. సొలొమోను గారిని మాకు తీసుకున్నాము. మీ త్యాగానికి వందనాలు."

సొలొమోను గారు అప్పటికే మూట కట్టుకున్నారు. కొండ ఎక్కకముందే బిషప్ గారి అంగీ రంగుకి, నేరేడు పండులా, మారిపోయారు.

గిద్యోను కూలబడ్డాడు. కమిటీ మాత్రం ఉప్పొంగిపోయింది.

"చూశారా, మనం ఎంచినవాడు పెద్దగుడికి వెళ్ళాడు" అంది ఎస్తేరమ్మ గారు, ఆనందంతో కాసేపు రెండో కాలు కూడా దించి. "కాలవ అవతలివాళ్ళు ఎప్పుడైనా పంపగలిగారా?"

"మళ్ళీ మొదలుపెడదాం" అన్నారు జెకర్యా గారు. "నూటపదమూడో కోరిక రాసుకో గిద్యోనూ. బిషప్ గారికి నచ్చకూడదు."

యాకోబు గారు పుస్తకం మూశారు. "ఒక్క ఆదివారం ఉంది అబ్బాయ్. నాకేమీ సంతోషంగా లేదు. మాట మాటే."

తబిత ఈ సంగతి మొత్తం చెప్పించుకుంది. తరువాత అడిగింది. "నూటపన్నెండూ ఎందుకు వేశావు?"

"వచ్చాయి కాబట్టి వేశాను."

"తొంభై వేస్తే ఆయన మనకే ఉండేవాడు. బొత్తిగా నిజాయితీ లేకుండా మొదలుపెట్టి, చివర్లో నిజాయితీగా కూడావు. అసలు మంచివాళ్ళని పైకి తీసుకుపోతే, ఇలాంటి మూల గుళ్ళకి ఎవరిని పంపుతారు?"

గిద్యోను నోరు తెరిచాడు. మూయకుండానే ఎర్రకొండ వైపు పరుగు తీశాడు.

బిషప్ గారు ఉత్తరాల గుట్టల మధ్య కూర్చుని ఉన్నారు.

"మా అయ్యగారిని తీసుకున్నారు గదండీ, బదులుగా ఒకరిని ఇవ్వండి" అన్నాడు గిద్యోను రొప్పుతూ.

"ఇస్తాను. నా హక్కులో ఉన్న పనే. కమిటీని అడగక్కర్లేదు. ఎవరు కావాలి? మంచి మార్కులవాళ్ళు మాత్రం ఇప్పుడు లేరు."

"మార్కులు వద్దండి. ఎవరిమీద ఎక్కువ ఫిర్యాదులున్నాయో ఆయన్ని ఇప్పించండి."

బిషప్ గారి చెవులు ఊగడం మానేశాయి. ముప్పై ఏళ్ళలో ఏ సంఘమూ ఆయన్ని ఆ మాట అడగలేదు. తొండంతో ఒక లావుపాటి కట్ట తీసి వాడి ముందు పెట్టారు. "రెవరెండ్ మత్తయి. గాడిద. పోయిన ఏడాది ఒక్క చోటినుంచే నలభై ఏడు. చూసుకుని తీసుకుపో. చూశాక వద్దంటావేమో గానీ."

గిద్యోను కట్ట విప్పాడు. 'ప్రసంగం చప్పగా ఉంది.' 'పాటలో శ్రుతి లేదు.' 'చెప్పకుండా ఇంటికొచ్చి జబ్బుగా ఉన్న మా అమ్మ పక్కన సాయంత్రందాకా కూర్చున్నాడు, కాఫీ రెండుసార్లు అడిగాడు.' 'ఈ ఆదివారం కూడా అదే కోటు.' 'ఈ ఆదివారం కూడా అదే ప్రసంగం.' వాడి వేలు తారీఖులమీద పరుగెత్తింది. నలభై ఏడు ఫిర్యాదులు. నలభై ఏడు వేర్వేరు ఆదివారాలు. సముద్రం పొంగిన వారం కూడా ఒకటుంది: 'ఎవరూ రాలేదు గదా, గంట కొట్టడమెందుకు?'

అన్నీ చదివాడు. గుడికి రాలేదన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు.

"ఈయన్నే ఇవ్వండి" అన్నాడు.

బిషప్ గారు సంతకం ఎంత గట్టిగా పెట్టారంటే, కాగితం కింద బల్లమీద కూడా పడింది.

శుక్రవారం మధ్యాహ్నం. కొండ కింద గడ్డిలో, నాలుగుచోట్ల కుట్టిన నల్లకోటు వేసుకుని ఒక గాడిద నిలబడి ఉన్నారు. పక్కన సర్దిన పెట్టె ఉంది. ఎప్పుడు ఎటు పొమ్మంటారో తెలియదు కాబట్టి ఆయన దాన్ని ఎప్పుడూ విప్పేవారు కాదట.

గిద్యోను లెక్క వేశాడు. ఆదివారం ఆరాధనకి నలభై రెండు గంటలుంది. దారిలో పదకొండు మైళ్ళ నేల, మూడు కాలవలు ఉన్నాయి. వంతెనలు లేవు.

వాడు పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుని, ఆయన ఎదుట నిలబడ్డాడు.

"అయ్యగారూ," అన్నాడు, "మీకు ఈత వచ్చాండి?"

నీతి: నూటికి నూరొచ్చినవాణ్ణి పైవాళ్ళు పట్టుకుపోతారు, ఆదివారం గంట కొట్టేవాడు కావాలంటే ఫిర్యాదుల కట్టలో వెతుక్కోవాలి.