అత్తగారి పుస్తకానికి తాళం

మంగళవారం ఉదయం క్వాకు బదూ పెట్టుకున్న పని చాలా చిన్నది. అత్తగారి అంత్యక్రియల పుస్తకంలో చివరి నివాళి ఒకటి చేర్చాలి, అచ్చాఫీసుకు పంపాలి, తర్వాత నిమ్మళంగా కూర్చుని సజ్జ గంజి, అలసంద వడలు తినాలి. అంత్యక్రియలు శనివారం. కుమాసీ పట్టణంలో ఆ పుస్తకం చేతిలో పెట్టకుండా జనాన్ని వెనక్కి పంపితే, ఆ మాట మనవల పెళ్ళిళ్ళ దాకా నడుస్తుంది.

బదూ రిటైరైన భూగోళం మాస్టారు. పెళ్ళయిన నాటి నుంచి భార్య అఫ్రకోమా తరఫు వాళ్ళు ఆయనకు అప్పగించిన మొదటి బాధ్యత ఇదే. అది కూడా గౌరవం కొద్దీ కాదు, ఇంట్లో కంప్యూటర్ ఉన్నది ఆయనకే కనుక. అయినా మనసు పెట్టి చేశాడు. ఆ కుటుంబంలో ఆయనను మనిషిగా చూసింది అత్తగారు ఎనో అనిమా ఒక్కతే. ఆమె చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, చెప్పిందంతా విని, ఆమె జీవిత కథ రాశాడు. అది ఆ కంప్యూటర్లోనూ, ఒక పెన్‌డ్రైవ్‌లోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

కథ రాయడం సులువే. బంధువుల పేర్ల వరుస దగ్గరే ప్రాణం పోయింది. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అని కుటుంబం నెల రోజులుగా కొట్టుకుంటోంది. ఆయన మార్చిన ప్రతిసారీ ఒకరు సంతోషించేవారు, పదిమంది అలిగేవారు.

ఆ ఉదయం మెయిల్లో ఒక నివాళి వచ్చింది. పంపిన పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. అందులో వింతేమీ కనిపించలేదు, అత్తవారి బంధువుల్లో విననివాళ్ళే ఎక్కువ. చనిపోయినావిడకు రాసిన నివాళిని తెరవకపోవడం మర్యాద కాదు. తెరిస్తే అదేదో అనుమతి అడిగింది. అత్తవారు ఏమడిగినా సరేననడం అలవాటైన మనిషి, సరేనని నొక్కాడు. ఫైలు ఎంతకీ తెరుచుకోలేదు. ఈలోగా గంజి తాగుదామని వంటింట్లోకి వెళ్ళాడు.

అఫ్రకోమా గదిలోకి వచ్చేసరికి తెర నిండా నల్లటి నలుపు, మధ్యలో ఎర్రటి అక్షరాలు, పక్కన వెనక్కి తిరుగుతున్న గడియారం. నలుపు, ఎరుపు ఆ ఊరి చావింటి రంగులు, అచ్చంగా అమరాయి. కళ్ళజోడు లేదు, చిన్న అక్షరాలు ఆనలేదు.

"మొత్తానికి అట్ట బాగా కుదిరింది. శనివారానికి ఇంకా ఎంతసేపుందో కూడా పెట్టారు. అమ్మ ఫోటో ఎక్కడ పెడతారు?" అని వంటింటి వైపు కేకేసింది.

గంజి నోట్లో ఉన్న బదూ "ఊఁ" అన్నాడు. ఆమె ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

బదూ వచ్చి చదివాడు. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, గడువులోగా చెల్లించకపోతే శాశ్వతంగా పోతాయి అని ఉంది. అత్తగారి కథ మీద నొక్కాడు. పిచ్చి గీతలు వచ్చాయి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి ఉందని గుర్తొచ్చి, అదే కంప్యూటర్‌కు పెట్టాడు. గంటన్నరసేపు ఒక్కొక్క ఫైలూ నొక్కి చూస్తుండగానే దానికీ తాళం పడింది.

"అఫ్రకోమా, దొంగలు పడ్డారు" అన్నాడు.

"ఏం పోయింది?"

"మీ అమ్మ."

విషయం అర్థమయ్యేసరికి ఆమె గ్రూపులో పెట్టింది తీసేద్దామని ఫోన్ అందుకుంది. అప్పటికే కుటుంబ పెద్ద, ఆమె మేనమామ ఒపానిన్ జొమో గుమ్మంలో ఉన్నాడు. జీవితంలో ఏ పనీ వేళకు చేయని ఆ పెద్దాయన ఆ ఒక్కరోజు మాత్రం చురుగ్గా ఉన్నాడు.

"అల్లుడూ, పోస్టరు ఎంత గంభీరంగా ఉందయ్యా. మా అక్క ఫోటో మూలన పెట్టించి, శనివారమని పైన రాయించి, వివరాలకు నీ ఫోన్ నంబరు కింద వేయించి, జంక్షన్ నుంచి చర్చి దాకా అంటించేశా."

"చదివారా మావయ్యా?"

"చదవడానికి నువ్వున్నావుగా" అని కుర్చీ లాక్కున్నాడు పెద్దాయన.

ఇంతలో ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి, వినయంగా మాట్లాడింది. "అయ్యగారూ, మా వాటన్నిటికీ తాళం పడిందని జంక్షన్లో పోస్టరు చూశామండీ. నిజమేనండీ, మా ఇంట్లో ఏ పనీ ముందుకు సాగట్లేదు. ఆ ఫోటోలో ఉన్న ప్రవక్తమ్మగారు తాళం విడిపించే ప్రార్థన ఎప్పుడండీ?"

"ఆవిడ ప్రవక్త కాదమ్మా. మా అత్తగారు. పోయారు."

"శనివారం లేస్తారాండీ?"

బదూ ఫోన్ పెట్టేశాడు. అది మళ్ళీ మోగింది. సాయంత్రం దాకా మోగుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఆయన ఖండించడం మానేసి, అందరికీ మంచి జరుగుతుందని చెప్పడం మొదలుపెట్టాడు.

జొమో పెద్దాయనకు సంగతి వివరించేసరికి చీకటి పడింది. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. ఎవరో మన వస్తువు పట్టుకుపోయారు, ఏదో అడుగుతున్నారు. ఇలాంటి తగవులు ఆయన ఎన్ని తీర్చలేదు.

"ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. ఒక సీసా ష్నాప్స్ సారా పట్టుకెళదాం. ముందు కుశలం అడగాలి, తర్వాత వచ్చిన పని చెప్పాలి. వాళ్ళ పెద్ద ఎవరో కనుక్కో."

"వాళ్ళకు పెద్ద లేడు మావయ్యా. ఊరూ లేదు."

"ఊరు లేనివాళ్ళుంటారటయ్యా. నువ్వు సరిగ్గా అడిగుండవు" అని, ఆయన తెర మీదున్న చిరునామాకు బదూ ఫోన్లోంచే దొంగలకు సందేశం రాయించాడు. మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాం అని మొదలై, శనివారం భోజనానికి రమ్మనడంతో ముగిసింది. దొంగలు సమాధానంగా గడువు సగానికి తగ్గించారు.

అప్పుడు అక్రా నుంచి ఫ్రెమా ఫోన్ చేసింది. అఫ్రకోమా చెల్లెలు, బ్యాంకులో కంప్యూటర్ల విభాగం ఆమెదే. గ్రూపులో ఫోటో అప్పుడే చూసింది.

"బావా, ముందు నెట్ వైరు పీకెయ్. పెన్‌డ్రైవ్ ఇంకే కంప్యూటర్‌కీ పెట్టకు. పైసా కట్టకు. కడితే తాళం తీస్తారన్న నమ్మకమేం లేదు. మావయ్య చేతికి ఫోన్ ఇవ్వకు."

"ఆలస్యమైందమ్మా. భోజనానికి పిలిచేశాడు."

"ఆ రాత, ఆ గడియారం నాకు తెలుసు. పాత రకం తాళం. దానికి తాళంచెవి కనిపెట్టినవాళ్ళు నెట్‌లో ఊరికే ఇస్తున్నారు. రేపు వస్తున్నా. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు."

బుధవారం బంధువులంతా బదూ ఇంటికి చేరారు. నెల రోజులుగా మాటల్లేని అక్కచెల్లెళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని ఏడ్చారు. తాళం వేసి బెదిరించేవాళ్ళ సంగతి పోలీసులకు చెప్పాల్సిందేనన్నారు. "మా పేర్లు వెనకేసినా పర్లేదు, అసలు వేయకపోయినా పర్లేదు, అమ్మ కథ దొరికితే చాలు" అన్నారు. బదూకు ఆ కుటుంబం మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

ఫ్రెమా వచ్చి, ముందుగా ఆ దొంగ ప్రోగ్రాంని శుభ్రంగా తుడిచింది. తర్వాత తాళంచెవి పెట్టింది. ఫైళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చివరికి ఎనో అనిమా తెర మీద నవ్వుతూ కనిపించింది. బదూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అద్దాలు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి.

ఆయన కళ్ళజోడు తిరిగి పెట్టుకునేలోపే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "అదేంటి, నా పేరు అక్క పేరు కింద ఉందేం?"

"చిన్నదానివి, కిందే ఉంటావు."

"చిన్నదాన్నా? ఆస్పత్రిలో అమ్మ పక్కన పడుకుంది ఎవరు?"

జొమో పెద్దాయన తన పేరు పెద్ద అక్షరాల్లో లేదని లేచి నిలబడ్డాడు. బెంచీ ఖాళీ అయింది. అందరూ బదూ మీద పడ్డారు. ఆయన చాలా అలసిపోయి ఉన్నాడు. అందరూ అరుస్తుండగానే కుర్చీలో కూర్చుని ఏదో టైపు చేసి, కంప్యూటర్ ఆపి, వెళ్ళి పడుకున్నాడు.

కాసేపటికి అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. గ్రూపులో బదూ రాసింది ఇదీ: "పుస్తకానికి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. రేపు మధ్యాహ్నంలోగా అందరూ ఒకే వరుసకు ఒప్పుకోవాలి. లేదా ఎవరి పేరూ లేకుండా అచ్చవుతుంది. దయచేసి ఫోన్ చేయకండి."

గడువుకు చాలా ముందే అందరూ ఒప్పుకున్నారు. పోలీసులకు చెబుదామన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.