వీధి కొలిచిన తొమ్మిదో తరగతి

ఆ ఉదయం చరిత్ర మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం తనిఖీ అధికారిణి ఆయన క్లాసు చూడటానికి వస్తారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక రాజ్యాంగ వివాదాన్ని పరిశోధించి ఆమె ముందు వాదిస్తారు. ఆమె మెచ్చితే ఉద్యోగం పర్మనెంటవుతుంది. లేకపోతే ఈ నెలతో సరి. మాస్టారు చొక్కా మార్చారు. అద్దంలో చూసుకుని మళ్లీ మొదటిదే వేసుకున్నారు.

"కూర్చుని కాఫీ తాగొచ్చుగా" అంది భార్య.

"తాగేశాను."

"కప్పు నిండుగా ఉంది."

వివాదం ఇది. ప్రజావసరం పేరుతో ప్రభుత్వం ఒకరి ఆస్తిని వాళ్లకు ఇష్టం లేకపోయినా తీసుకోవచ్చా? క్లాసులో సగం మంది తీసుకోవచ్చని వాదించాలి, సగం మంది కూడదని వాదించాలి. కోర్టు తీర్పులు చదవడం అయిపోయింది. జనం మాట కనుక్కోవడం మిగిలింది. అందులో మాస్టారికి ఒక పద్ధతి ఉంది.

"స్కూలు పని అని చెప్పారంటే ఎవరైనా మీకు నీతులే చెబుతారు. కాబట్టి చెప్పకండి. అడగండి, విని వచ్చేయండి" అని పిల్లలను పంపించి, క్లాసు గది మూల రాయి మీదున్న క్యాన్ లోంచి నీళ్లు పట్టుకుని తాగారు. కాసేపటికి మళ్లీ తాగారు.

పిల్లలు స్కూలున్న వీధిలోనే మొదలుపెట్టారు. క్లాసంతా లాయరమ్మ అని పిలిచే అమ్మాయి టైలరు కూతురు. నాన్న టేపు తెచ్చింది. చెప్పుల షాపు గడప నుంచి రోడ్డు దాకా కొలిచి, అప్పుడు అడిగింది.

"ఈ షాపు రోడ్డులో పోతే ఎంతిస్తే మీకు సరిపోతుందండీ?"

షాపాయన లేచి నిలబడ్డాడు. "ఎవరు పంపారమ్మా?"

"అది చెప్పకూడదండీ."

ఆ మాట చాలింది. "మున్సిపాలిటీ రోడ్డు వెడల్పు చేస్తోంది. పెద్దోళ్లని పంపితే తంతామని స్కూలు పిల్లల్ని పంపారు" అని షాపాయన తేల్చేశాడు. పిల్లలు వీధి చివరికి చేరేలోపే ఆ మాట చివరికి చేరింది.

చివర ఉన్నది మాస్టారి మామగారి గడియారాల రిపేరు షాపు. ఆయన ఫోన్ చేసేసరికి మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో అటూ ఇటూ తిరుగుతూ ముగింపు మాటలు బట్టీ పడుతున్నారు.

"అల్లుడుగారూ, గవర్నమెంటు మన షాపు తీసేసుకోవచ్చంటారా?"

తన పాఠం సంగతి భార్య పుట్టింట్లో చెప్పి ఉంటుందనుకుని మాస్టారు పొంగిపోయారు. "నిక్షేపంగా తీసుకోవచ్చు మామయ్యగారూ. ప్రజావసరం అయితే చాలు. పరిహారం మాత్రం ఇచ్చి తీరాలి."

"మనకి ఇష్టం లేకపోతే?"

"ఇష్టంతో పనిలేదు. మధ్యాహ్నం మా క్లాసులో తేలిపోతుంది. ఒకావిడ వస్తున్నారు."

అవతల ఫోన్ పెట్టేశారు.

"మా అల్లుడే చెప్పాడు. ఆవిడెవరో వస్తోందట" అన్నారు మామగారు పక్క షాపులో. చెప్పుల షాపాయన సరుకు మూటలు కట్టాడు. బేకరీ ఆయన పరిహారం పెరుగుతుందని గోడకు రంగు వేయించడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం అధికారిణి ఫైలుతో వెనక బెంచీలో కూర్చున్నారు. పక్కన హెడ్‌మిస్ట్రెస్. లాయరమ్మ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే తలుపు తోసుకుని వీధి లోపలికి వచ్చింది. ముందు మామగారు.

"ఫైలు పట్టుకుందే, ఆవిడే" అన్నాడు చెప్పుల షాపాయన.

మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది.

మామగారు అధికారిణికి నమస్కారం పెట్టారు. "అమ్మా, మా నాన్నగారి కాలం నుంచీ ఆ బల్ల మీదే గడియారాలు విప్పుతున్నాం. డబ్బులిస్తే ఇంకో చోట బల్ల వేసుకుంటాను. కానీ గడియారం నా దగ్గర వదిలెళ్లినోళ్లు నన్నెక్కడని వెతుక్కుంటారు?"

అధికారిణి రాసుకున్నారు. "మాస్టారూ, రెండో పక్షం వాదనకి ఇంత సహజంగా మాట్లాడే మనిషిని ఎక్కడ పట్టుకొచ్చారు?"

మాస్టారికి ఒక్క నిజమే నోటికొచ్చింది. "మా మామగారండీ."

"వీధి ఇరుకుగా లేదు మేడమ్, లారీ కూడా తిరుగుతుంది" అన్నాడు చెప్పుల షాపాయన. బేకరీ ఆయన తన గోడ తడిగా ఉందని, చూసుకుని ముట్టుకోమని చెప్పాడు. అధికారిణి పేజీ తిప్పారు. హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతున్నారు. మాస్టారు అప్పటికి ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు లాయరమ్మ చెయ్యెత్తింది. "ఎవరి షాపూ పోదండీ. అంతా కొలిచాం. షాపులన్నీ వీధి సరిహద్దు రాళ్లకి లోపలే ఉన్నాయి. ఒక్క రాయి మాత్రం వీధిలో దొరకలేదు."

"ఏది?" అన్నారు అధికారిణి.

లాయరమ్మ మూలకు వెళ్లి నీళ్ల క్యాన్ పక్కకు దించింది. దాని కింది రాయి మీద మున్సిపాలిటీ ముద్ర ఉంది. రాయికి అవతల ఉన్న గదంతా వీధిదే. నల్లబల్ల, మాస్టారి కుర్చీ ఆ వైపే ఉన్నాయి.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వు ఆపేశారు.

చెప్పుల షాపాయన రాయిని తడిమి చూసి అధికారిణి వైపు తిరిగాడు. "నిజం చెప్పాలంటే మేడమ్, వీధి బాగా ఇరుకండీ."

"ప్రజావసరమే మరి" అన్నారు మామగారు.

వారం తిరిగేలోపు రెండు ఉత్తర్వులు వచ్చాయి. మాస్టారి ఉద్యోగం పర్మనెంటయింది. గది కాలేదు.