హైద్‌లో పదిహేనో మనిషి

పదకొండింటికల్లా పేజీలు ప్రెస్సుకు పంపేసి ఊపిరి పీల్చుకుందామని ఆ ఉదయం నిఘంటువు ఆఫీసులో అందరూ అనుకున్నారు. మనవాళ్ల నోట నలిగే ఇంగ్లీషు మాటల నిఘంటువు అది. ఒక్కొక్కరు ఒక్కో అక్షరం చూస్తారు కనుక, అక్కడ మనుషులనూ అక్షరాలతోనే పిలుస్తారు.

ఆఫీసు పెద్దాయన వచ్చి హెచ్ అమ్మాయి బల్ల ముందు ఆగాడు. "ఏంటమ్మా ఈ హైద్?"

"పాతకాలపు ఇంగ్లీషు మాటండీ. పడవలు తలదాచుకునే చిన్న రేవు. ఆశ్రయం."

"అర్థం సరే. బతికున్న మనిషి ఎవరైనా అన్నాడా? మనం అడక్కుండా తనంతట తను అనాలి, ఉన్నదున్నట్టు చీటీ రాయాలి. పదకొండుకి చీటీ లేకపోతే మాట కొట్టేస్తా. నీ ఉద్యోగం కూడా!"

ఆయన తన గదిలోకి వెళ్లగానే ఆమె కళ్లు తుడుచుకుంది. పక్క బల్ల ఎమ్ అక్క గొంతు తగ్గించి, "ఏడవకే. పాత కాగితాల గదికి ఆ పేరు అంటించు. ఎవరో ఒకరు అనకపోరు," అంది.

తలుపు మీద కాగితం వెలిసింది: "హైద్: ఆశ్రయం."

కె బాబాయి చదివి, లోపలికెళ్లి కాళ్లు చాపాడు. "ఇన్నాళ్లకి మనమీద దయ కలిగిందర్రా!"

"ఊరికే కలుగుతుందా?" అంది ఎస్ వదిన. "కొందర్ని తీసేస్తున్నారేమో. లోపలున్నవాళ్లకే ఆశ్రయం."

పదిన్నరకు హాలు ఖాళీ. గదిలో పద్నాలుగు మంది.

"జరుగు బాబాయ్!"

"ఎక్కడికి జరగనమ్మా, గోడలోకా?"

అందరూ ఆశ్రయం అన్నారు, గది అన్నారు. హైద్ అని ఒక్కరూ అనలేదు. నిఘంటువు మనుషులు కదా, వాళ్ల కళ్లు మాటను దాటేసి అర్థం మీదే వాలతాయి. హెచ్ అమ్మాయి కలం పట్టుకుని గడియారం చూస్తూ నిలబడింది. పదీ యాభై.

"మనుషులేరీ? పేజీలేవీ?" అంటూ పెద్దాయన వచ్చాడు. అప్పుడే మెట్ల మీద ప్రెస్సు యజమాని కేక వినిపించింది: "నాలుగు గడువులు మింగాడు! ఇవాళ తేల్చుకుంటా!"

పెద్దాయన ముఖం పాలిపోయింది. "నేను లేనని చెప్పమ్మా," అని తలుపు తోసుకుని పదిహేనో మనిషిగా ఇరుక్కున్నాడు. చొక్కా అంచు మాత్రం తలుపు సందులో బయటే ఉండిపోయింది.

ప్రెస్సు యజమాని ఆ అంచు చూశాడు, పైన కాగితం చూశాడు. "మీ పెద్దాయన ఈ హైద్‌లో నక్కాడా?"

ఆ మాటలన్నీ చీటీ మీదికెక్కిస్తూ ఆమె కలం పరుగెత్తింది. పదీ యాభై ఎనిమిది.

బయటికొచ్చిన పెద్దాయన చీటీ చదివి చెమట తుడుచుకున్నాడు. "ఆ 'పెద్దాయన' తీసేద్దామమ్మా."

"ఉన్నదున్నట్టు రాయాలన్నారు కదండీ."

ఆయన కలం తీసి సంతకం పెట్టాడు.

హైద్ అనే మాట వాడుకలో లేదని ఆ తరువాత ఆయన ఎక్కడా అనలేదు.