జట్టు స్ఫూర్తికి భంగం

నీటి సరఫరా కార్యాలయంలో ఇకమీదట ఉద్యోగులు ఉండరనీ, ఒకే ఒక్క కుటుంబం ఉంటుందనీ డైరెక్టరుగారు సోమవారం సర్క్యులర్ జారీ చేశారు. కుటుంబంగా మారే వర్క్‌షాపు బుధవారం పదిన్నరకు మొదలై అయిదింటికి ముగుస్తుంది. రానివాళ్ల మీద చర్య ఉంటుంది.

ఫిర్యాదుల సెక్షన్‌లో ఇరవై రెండేళ్లుగా ఫోనెత్తుతున్న గుమాస్తా ఆవిడను, ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా అక్కయ్య అనే పిలుస్తారు. సర్క్యులర్ చదివాక ఆవిడకు సందేహం వచ్చింది.

"అందరం హాల్లో ఉంటే ఫోను ఎవరెత్తుతారు సార్?"

డైరెక్టరుగారు జాలిగా చూశారు. అంత ఉన్నతంగా జాలిపడటం అందరికీ చేతకాదు.

"చూడండమ్మా, మీరింకా 'ఎవరు' దగ్గరే ఆగిపోయారు. 'మనం' అని ఆలోచించాలి."

"సరే సార్. మనలో ఎవరెత్తుతాం?"

"దానికి లంచ్ తర్వాత సెషన్ ఉంది."

బుధవారం ట్రైనరు ఒక ఉన్ని ఉండ, రెండు వందల పేపరు కప్పులు, ఒక ఈల తీసుకుని వచ్చాడు. ముందుగా సెల్‌ఫోన్లన్నీ బుట్టలో వేయించాడు. తర్వాత, ఎదుటివాళ్లలో ఒక మంచి గుణం చెప్పి ఉన్ని ఉండ వాళ్ల మీదికి విసరమన్నాడు. పావుగంటలో పెన్షన్ల సూపరింటెండెంటు కళ్లజోడు, స్టోర్సు ఆయన చొక్కా గుండీ, టైపిస్టు జడ ఒకే ముడిలో పడ్డాయి.

"ఎంత దగ్గరయ్యామో చూడండి," అన్నారు డైరెక్టరుగారు.

గోడ అవతల ఫిర్యాదుల ఫోను మోగుతోంది. మామూలు ఫిర్యాదు పన్నెండు మోతలకు అలిసిపోతుందని అక్కయ్యకు తెలుసు. ఇది నలభై దాటింది. ఆవిడ చెయ్యెత్తింది.

"ఫోను మోగుతోందండీ."

ట్రైనరు కళ్లు మూసుకున్నాడు. "మోగనివ్వండి మేడమ్. ఆ శబ్దాన్ని ఊరికే గమనించండి."

అందరూ గమనించారు. అక్కయ్య బాత్రూమ్ వంక పెట్టి వెళ్లి ఫోనెత్తింది. ప్రసూతి ఆసుపత్రి నర్సు.

"రోడ్డు మీద పెద్ద పైపు పగిలిందమ్మా. వార్డులో మంచాల కిందికి నీళ్లొచ్చేశాయి. పసిపిల్లల్ని బల్లల మీద పెట్టుకుని నిలబడ్డాం. అరగంట నుంచీ చేస్తూనే ఉన్నాను."

"ఇప్పుడే వస్తున్నాం," అంది అక్కయ్య. ఈ మాట ఇన్నేళ్లలో ఎన్ని వేలసార్లు అన్నదో లెక్కలేదు. ఈసారి అంటూనే రిసీవరు పెట్టేసి కదిలింది.

హాల్లోకి పరుగున వచ్చి డైరెక్టరుగారికి చెప్పింది.

"మంచి పాయింటు," అన్నారాయన. "చార్టు మీద రాయండి."

రాసింది. ట్రైనరు దాని పక్కన నవ్వుతున్న నక్షత్రం బొమ్మ అంటించాడు.

అప్పుడు నడుస్తున్నది నమ్మకం పెంచే ఆట. ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడితే ఇంకొకరు పట్టుకోవాలి. ట్రైనరు ఏరికోరి జూనియర్ ఇంజినీరునీ ఫిట్టరునీ నిలబెట్టాడు. మూడేళ్ల కిందట పంపు కాలిపోతే ఇంజినీరు తన రిపోర్టులో ఫిట్టరును తప్పుపట్టాడు. ఆనాటి నుంచి వాళ్లకు మాటల్లేవు.

ఫిట్టరు వెనక్కి పడ్డాడు. ఇంజినీరు చంకల కింద పట్టుకున్నాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ గోలలో అక్కయ్య ఇంజినీరు చెవిలో సంగతి చెప్పింది.

"వాల్వు కడ్డీ ఎక్కడుంది?" అన్నాడు ఇంజినీరు, పట్టు వదలకుండానే.

"నా సైకిలుకు కట్టి ఉంది," అన్నాడు ఫిట్టరు, కళ్లు తెరవకుండానే.

"విన్నారా, సంభాషణ మొదలైంది," అని ట్రైనరు కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని చూసేసరికి ముగ్గురూ మెట్లు దిగుతున్నారు.

ఆసుపత్రి ముందు రోడ్డు చెరువులా ఉంది. కొత్తగా తారు వేసినవాళ్లు రోడ్డు మీది గుర్తులన్నీ కప్పేశారు. ఇంజినీరు తెచ్చిన నక్షాలో ఉన్న చోట వాల్వు మూత జాడే లేదు.

"ఆరేళ్ల కిందట పళ్ల కొట్టాయన ఫోన్ చేశాడు, మూత తన మెట్టుకు అడ్డమొస్తోందని," అంది అక్కయ్య. "ఆయన తర్వాత కట్టుకున్న మెట్టు కింద చూడండి."

ఫిట్టరు మెట్టు పగలగొట్టాడు. మూత దొరికింది. వాల్వు తుప్పుతో బిగుసుకుపోయింది.

"తిప్పు."

"తిప్పుతూనే ఉన్నా. మీరూ ఓ చెయ్యి వెయ్యండి సార్."

ఇద్దరూ వాల్వు గుంటలోకి దిగి, నడుం లోతు నీళ్లలో కడ్డీకి వేలాడారు. అక్కయ్య చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కడ్డీ చివర పట్టుకుంది. వాల్వు తిరిగింది, నీళ్లు తగ్గాయి. నర్సు ఒక పసిగుడ్డును ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి, కాసేపు చూసి, లోపలికి వెళ్లిపోయింది.

"అప్పటి రిపోర్టులో నేను రాసింది..." అన్నాడు ఇంజినీరు గుంటలోకి చూస్తూ.

"ముందు పైకి రండి సార్, జారుతుంది," అని ఫిట్టరు చెయ్యి అందించాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి గ్రూపు ఫొటో అయిపోయింది. నేల తడుస్తుందని డైరెక్టరుగారు ముగ్గురినీ వరండాలోనే ఉండమన్నారు.

శుక్రవారం కార్యాలయానికి ఉత్తమ జట్టు అవార్డు ప్రకటించారు. అదే రోజు ముగ్గురికీ మెమోలు అందాయి. వర్క్‌షాపు మధ్యలో లేచి వెళ్లి జట్టు స్ఫూర్తికి భంగం కలిగించినందుకు, ఎవరికి వారు, మిగతా ఇద్దరితో సంప్రదించకుండా, సంజాయిషీ ఇవ్వాలి.

సాయంత్రం ఫిర్యాదుల సెక్షన్‌లో ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇంజినీరు వాక్యాలు చెప్పాడు. ఫిట్టరు పొడుగు మాటలు తీసేయించాడు. అక్కయ్య రెండు కార్బన్ కాగితాలు పెట్టి, తామెవరితోనూ సంప్రదించలేదని ఒత్తి రాసింది.